సన్యాసయ్య యెడమకాలు

హేమంతర్తు వరుదెంచి పాడేరు కొండల నావరించియుండెను. ప్రొద్దు బారెడెక్కినను వీడని మంచు లోయలయందు నిండియుండగా, వాలుభూముల విరగబూసిన వలిసెచేలు పసుపు ఆరబోసినట్లు కన్నులపండువు సేయుచుండగా, కాఫీతోటల నెఱ్ఱని పండ్లు కోయు స్త్రీల నవ్వులు గాలిలో తేలివచ్చుచుండగా, లోకమంతయు నెవరో యొకరి తోడున మెలగుచున్నట్లు తోచు నా యుదయమున, ఘాటుమార్గము ప్రక్కనున్న, బండ్లు బాగుసేయు జగ్గునాయుడు మేస్త్రి షెడ్డులో నొక ముసలిజీపు నిలిచియుండెను. దాని చెంత నొంటరిగా నిలుచున్నవాడు దాని యజమానుడు సన్యాసయ్య.

పేరునకు సన్యాసియే గాని యతడు ముప్పదేండ్లు భార్య కొంగు విడువని సంసారి! సంతలకు జనమును చేరవేయు నా జీపులో నతడు చక్రము పట్టగా నతని యెడమప్రక్క ముందుసీటున నూకాలు కూర్చుండి దారిపొడవునను జనమును కేకవేసి పిలుచుచు, ఎక్కినవారిని సర్దుచు, బండి నడుపు మగని నేదో యొకటి యనుచుండెడిది. బిడ్డలు లేని యా దంపతులకు జీపే యిల్లు. కడచిన వైశాఖమున మూడునాళ్ల జ్వరముతో నామె కన్నుమూసెను. నాటినుండి యా ముందుసీటున నెవ్వరిని గూర్చుండనీయడయ్యె. వెనుక నలుగురు వ్రేలాడుచున్నను సరే "అది కాళీ లేదు" అని మొగము త్రిప్పుకొనెడివాడు. వెఱ్ఱివాడని కొందఱు నవ్విరి. నవ్వనిమ్ము, వారికేమి తెలియును?

ఆ వైశాఖము మొదలుకొని జీపునకు జబ్బు పట్టుకొనెను. ఎగువకు పోవునపుడు ఇంజను గొంతు చించుకొని యఱచునే గాని చక్రముల కా బలమందదు. మాడినవాసన గుప్పుమనును. ఇంజను బలమును చక్రములకు చేర్చు క్లచ్చిప్లేట్లు ఇప్పటికి రెండు కాలిపోయెను. క్రిందటివారము నడికొండపై జీపు నిలిచిపోగా సంతజనమంతయు మూటలు నెత్తిన బెట్టుకొని రెండు క్రోసులు నడిచి "ఇక నీ బండి యెక్కము" అనిరి. మూడవ ప్లేటును మాడినచో నర్సీపట్నమునుండి యిదివఱకే రెండుమాఱులు వచ్చిపోయిన బేరగానికి జీపు నప్పగింపవలసినదే యని సన్యాసయ్య నిశ్చయించుకొనెను. అమ్ముట యనగా నామెను రెండవమాఱు కాటికి పంపుటయే యని యతనికి తోచుచుండెను.

జగ్గునాయుడు క్రొత్తప్లేటు బిగించెను. క్లచ్చిపెడలునకు రెండువ్రేళ్ల వదులుండుట చూచెను. ప్లేటుపై నూనె కారిన జాడ లేదు. హ్యాండుబ్రేకు గట్టిగా లాగి మూడవగేరు వేసి క్లచ్చి విడిచెను. జీపు నొక్క కుదుపు కుదిపి యింజను వెంటనే ఆగిపోయెను. ప్లేటు పట్టు నిక్కముగా నున్నది. నాలుగుచక్రముల గేరు వేసి బురదగట్టు నెక్కించి చూచినను దోషము కానరాలేదు. పిమ్మట నతని చూపు క్లచ్చిపెడలు రబ్బరుపై నిలిచెను. బ్రేకురబ్బరు గఱుకుగా నుండగా నది మాత్రము నునుపుదేఱి యున్నది.

"బండికే జబ్బూ లేదు బాబాయ్. నువ్వు నడుపుతుంటే సూడాల. పద, ముందు కూకుంటాను."

"అక్కడొద్దు. ఎనక్కూకో."

"ఎనకాల కూకుంటే నీ ఈపు కనిపిస్తాది గానీ కాలు కనిపిస్తాదేటి?"

సన్యాసయ్య తుదకు తలగుడ్డ విప్పి యా సీటుపై ధూళి తుడిచి యావలకు మొగము త్రిప్పుకొనెను. నాయుడు మెల్లగా నెక్కి కూర్చుండెను.

రెండవ మలుపు దాటి యెగువ మొదలయ్యెనో లేదో నాయుడు వంగి యతని యెడమమోకాలిపై వ్రేలితో కొట్టెను. "కాలు తీయ్ బాబాయ్. గేరు మార్చీసినా పెడలు మీదే తొంగుందది. ఆపాటి బరువుకే ప్లేటు సరిగ్గా పట్టదు. జారతాది, మాడతాది. ఇన్నేళ్లూ లేని అలవాటు ఇప్పుడేటి నీకు?"

సన్యాసయ్య జీపు నాపివైచెను.

"ఇన్నేళ్లూ ఉందిరా నాయుడా. నూకాలే కొట్టీది. సరిగ్గా అక్కడే. 'కాలు, మావా' అనీది. 'నీకేటి తెలుసు, నోరు ముయ్యి' అని కసిరీవోణ్ణి."

అని బిగ్గఱగా నేడ్చెను. క్లచ్చి యననేమో యెఱుగని యా యిల్లాలు, ఏనాడో యొక మేస్త్రి చెప్పిన మాటను పట్టుకొని ముప్పదేండ్లు ప్రతి కొండకును మగని మోకాలు తట్టి బండిని కాచినది! ఆమెకై ఖాళీగా నుంచిన చోటే యతని తప్పును చూచువారు లేకుండ జేసినది. నాయుడు వలిసెచేలవైపు చూచుచు కూర్చుండెను.

నాడే నాయుని షెడ్డుకడ దింపి సంతచోటికి పోయిన సన్యాసయ్య, వెనుకాడుచు నిలిచిన జనములో చిలకమ్మ యను వృద్ధురాలిని పిలిచెను. "ముందు కూకోమ్మా. నా కాలు ఈ పెడలు మీద కనిపిస్తే మోకాలి మీద కొట్టు." ఆమె యెక్కుటతో తక్కినవారును నెక్కిరి. చిలకమ్మ దొరసానివలె కూర్చుండి అక్కఱ లేకున్నను రెండుమాఱులు గట్టిగా కొట్టి మూడవ మలుపున గుఱ్ఱుపెట్టి నిద్రించెను.

కొండ నిట్టనిలువయ్యెను. ఇంజను గొంతు హెచ్చెను. ఎడమకాలు తనంత తాను పాతచోటికి జరిగి పెడలుపై వ్రాలెను. తట్టు వ్రేలు లేదు.

"కాలు, మావా" అని సన్యాసయ్య పైకి ననెను. కాలు లేచెను.

చిలకమ్మ ఉలికిపడి కన్నులు తెఱచెను. "నన్నేటైనా అన్నావేటి బాబూ?"

"నిన్ను కాదమ్మా. నన్నే అంది."

జీపు కొండ నెక్కుచుండెను. తెఱచిన ప్రక్కలనుండి వచ్చు వలిసెపూల గాలి తప్ప దానియందు మఱియే వాసనయు లేదు.