మూడు చుట్ల బెల్టు

ఏసుదాస్ మూడో చుట్టు బిగిస్తుంటే కార్తికేయన్ ఫోను దించి విసుక్కున్నాడు.

"అదెందుకప్పా అడ్డం? నేను చూసిన వీడియోలో వాడేమన్నా కట్టినాడా?"

కారు ముందు షాకబ్జర్‌ను స్ప్రింగుతో సహా ఊడదీసి నేల మీద పడుకోబెట్టారు. స్ప్రింగును నొక్కి పట్టడానికి కార్తికేయన్ దానికి రెండు మరల కొక్కేలు బిగించాడు. తుక్కు కారులోంచి ఎప్పుడో కోసుకున్న సీటుబెల్టు ముక్కను ఆ స్ప్రింగుకు చుట్టనిదే ఏసుదాస్ దాన్ని అదిమి ఉంచే పై నట్టును ముట్టుకోడు. ముప్పై ఏళ్లుగా అదే అలవాటు.

కార్తికేయన్ ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. తన కారు తానే బాగుచేసుకుంటూ వీడియో తీయాలని సరదా పుట్టింది. బరువులు పట్టడానికి గుడియాత్తం మెకానిక్ షెడ్డు నుంచి ఏసుదాస్‌ను సత్తువాచారి ఇంటికి పిలిపించాడు. చేతులకు కొత్త తెల్ల గ్లౌజులు, గోడకు స్ప్రింగు బలం లెక్కగట్టిన కాగితం. పొద్దుటి నుంచి అదంతా చూస్తుంటే ఏసుదాస్‌కు ఒళ్లంతా రోతగా ఉంది.

లెక్క తప్పని అతను అనుకోలేదు. ఆ బలం ఎంతో అతని దవడకే తెలుసు. పాతికేళ్ల వయసులో ఇలాంటి స్ప్రింగే ఎగిరి కింది పళ్లు నాలుగు రాల్చింది. పెళ్లి ఫొటోలో కూడా నోరు మూసుకునే ఉన్నాడు. మాంసం ఇప్పటికీ ఎడమ పక్కనే నములుతాడు.

"కొక్కేలు రెండూ ఒకే పక్కన ఉండాయి సార్. ఎదురెదురుగా ఉండల్ల."

"స్ప్రింగు నొక్కుకునింది కదా, లెక్క ప్రకారం అది చాలు. నువ్వు ఊరికే పట్టుకో."

కార్తికేయన్ ఫోనును గోడకు ఆనించి, నట్టుకు సరిగ్గా ఎదురుగా మొహం పెట్టి తిప్పసాగాడు. ఏసుదాస్ అతని భుజం పట్టి పక్కకు లాగాడు. నట్టు ఊడింది. ఆ వెంటనే ఒక కొక్కెం జారింది. స్ప్రింగు జానెడు ముందుకు ఎగిరి, బెల్టులో బిగుసుకుని ఆగిపోయింది.

కార్తికేయన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఫోను అందుకుని చూసుకున్నాడు.

"ఛ, వీడియోలో బెల్టు పడిందే! చూసేవాళ్లు నగుతారు. అది ఇప్పేయ్, మళ్లీ తీద్దాం."

ఏసుదాస్‌కు అతని మీద రోత పుట్టింది. బతికిన మొహం పెట్టుకుని వీడు అడిగేది ఇదా! ఇలాంటివాళ్లకు ముప్పై ఏళ్లు 'శరి సార్' అంటూ వచ్చిన తన నోటి మీద అంతకన్నా అసహ్యం వేసింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుని సంచి తీసుకున్నాడు.

"నేను పోతా సార్."

"సగం పనిలోనా? మరి ఇది?"

"ఆ బెల్టు మీద చెయ్యి పెట్టొద్దండి. యాడన్నా పని తెలిసినోణ్ణి పిలిపించుకోండి. కట్టు చూస్తే వానికే అర్థమైతాది."

గుడియాత్తం బస్సు లత్తేరి దాటుతుండగా అలవాటుగా అతని చేయి సంచిలో వెతికింది. బెల్టు లేదు. విప్పి తెచ్చుకుని ఉండొచ్చు, కాని విప్పితే ఎదురుగా ఉన్నవాడి దవడ పోయేది.

సత్తువాచారిలో, ఆ తెల్ల గ్లౌజుల పక్కన, నూనెకు నల్లబడిన బెల్టు స్ప్రింగును మూడు చుట్లు పట్టుకునే ఉంది.