నన్ను చూసి బెదిరిన నీళ్లు

పొద్దున్నే ముఖం కడుక్కుందామని చెంబు అందుకుంటే, నీళ్లు అందులోంచి దిగి వీధిలోకి వెళ్లిపోతున్నాయి. గుమ్మంలో నా చెప్పులు తడవకుండా పక్కనుంచి నడుస్తున్నాయి. ఆ మర్యాద నాకు నచ్చుతుంది.

కారణం నాకు తెలుసు. పోయిన నా భార్య కనకవల్లి పట్టుచీరను అప్పుడప్పుడూ ఎండకి వేస్తాను. నిన్న సాయంత్రం దాని మడతలో గబ్బిలం చిక్కుకుంది. చీర చిరగకూడదని ఉత్త చేతులతో విడిపించాను. అది నా బొటనవేలు కొరికి, చీరకేమీ చేయకుండా ఎగిరిపోయింది. గాటు ఆవగింజంత కూడా లేదు.

"ఒరేయ్ పానకాలూ, ఏడు బావులు తొంగిచూసి రారా. విషం దిగిపోద్ది," అంటుంది మా అక్క సౌభాగ్యం. ఏది కరిచినా ఆవిడకు తెలిసిన వైద్యం ఇదే.

తొంగిచూస్తాను. మొదటి బావిలో నీళ్లు అడుక్కి పోయి, చేదను కూడా లోపలికి లాక్కుంటాయి. రెండోది మూత వేసుకుంటుంది. మూడోది నేను వెళ్లేసరికి ఊళ్లో లేదు. మిగతావాటిని ఇబ్బందిపెట్టడం ఇష్టంలేక ఆసుపత్రికి బయల్దేరతాను. అక్క వెంటే వస్తుంది.

నడిచేకొద్దీ డాక్టర్ మెహరున్నీసా గది పొడవవుతోంది. మా అవస్థ చూసి ఆవిడే కుర్చీతో సహా ఎదురొస్తారు. గబ్బిలం సంగతీ, నీళ్ల సంగతీ చెబుతాను.

"నీళ్లంటే మీకు భయమా, మీరంటే నీళ్లకు భయమా?"

"వాటికేనండీ."

"అయితే టైముంది. గబ్బిలం కాటుతోనూ రేబిస్ రావచ్చు. ఆ భయం మీకు మొదలైతే నా చేతుల్లో ఏమీ ఉండదు. ముందు పారే నీళ్లకింద సబ్బుతో పావుగంట కడగాలి. తర్వాత సూదులు."

"గాటే కనపట్టంలేదుగా అమ్మా," అంటుంది అక్క.

"నీళ్లకు కనపడిందిగా."

కుళాయి తిప్పుతాను. ఒక చుక్క అంచుదాకా వచ్చి ఆగుతుంది.

"కరుస్తావా?" అని అడుగుతుంది.

"కరవను."

"సూదులన్నీ వేయించుకుంటావా? రెండోదానికే మానేయవు కదా?"

"మానను."

"వీడి మాట నమ్మకే తల్లీ. బీపీ బిళ్లలే సగంలో ఆపేశాడు!" అంటుంది అక్క.

చుక్క వెనక్కి తగ్గుతుంది. అయినా తొందరపెట్టను. కనకవల్లి అలిగినప్పుడూ ఇంతే, చేయి చాచి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు బొటనవేలు చాచి నిలబడతాను.

"మీ అక్క హామీ ఉంటే వస్తా," అంటుంది చుక్క చివరికి.

"ఉంటానే. ప్రతి సూదికీ వీణ్ణి చెవి పట్టుకుని లాక్కొస్తా."

చుక్క జారుతుంది. దాన్ని చూసి మిగతా నీళ్లు ధైర్యం తెచ్చుకుంటాయి. పావుగంట నురగ తర్వాత, గాటు చుట్టూ సూది, ఆ తర్వాత భుజానికి. నొప్పిగానే ఉంది. బతికేవాడి నొప్పి.

"తర్వాతెవరు?" అంటారు డాక్టర్.

సముద్రం తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. "గబ్బిలాలు నా మీదుగానూ ఎగురుతాయమ్మా," అంటూ బల్ల మీద నా పక్కన ఒదిగి కూర్చుంటుంది. నేను కొంచెం జరుగుతాను. డాక్టర్ చేతిలో దూది పట్టుకుని, దాని ఎడమ భుజం ఎక్కడుందో ఓపిగ్గా వెతుకుతున్నారు.