అందేంత ఎత్తు

మేస్త్రి బిగించిన స్క్రూని ఎక్కడ చూసినా ఇట్టే పోల్చుకోవచ్చు. దాని నెత్తి మీద గీత నిలువుగా ఉంటుంది. ఒక గడియకి ఆరు స్క్రూలుంటే ఆరు గీతలూ బడిలో పిల్లలు వరసలో నిలబడ్డట్టు నిటారుగా ఉండాల్సిందే. ఒకటి కాస్త వాలిందని గుర్తొస్తే చాలు, అన్నం ముందునుంచి లేచి వెళ్ళి మరీ సరిచేసి వస్తాడు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని వెనకాల ‘నిలువు మేస్త్రి’ అంటారు. ఎదురుగా మాత్రం అనరు. ఆయన నోరు ఆయన రంపం కన్నా పదును.

అంతటి నోరూ పనిలోకి దిగితే మూతపడుతుంది. వడ్రంగం నేర్పిన తండ్రి చెప్పిన మాట అది. "ఒకరింటికి పనికెళ్తే చేతులు మాత్రం లోపలికి తీసుకెళ్ళు. చెవులూ నోరూ బయటే, చెప్పుల పక్కన వదిలెయ్." నలభై ఏళ్ళుగా మేస్త్రి ఆ మాట జవదాటలేదు. దాన్ని మర్యాద అనుకున్నాడు. ఆయన్నొక్కణ్ణే అనడం ఎందుకు, మనమూ అలాగే అనుకుంటాం.

ఆయన చెల్లెలు వీధి చివర ఆరోగ్య కేంద్రంలో నర్సు. పరాయి ఇళ్ళ సంగతుల్లో అన్న ఎంత మూతి బిగిస్తే ఆవిడ అంత ఆరా తీసే రకం. ఇంకో నలుగురిని కూడగట్టి, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకీ దారిలో వేధింపులు పడే ఆడపిల్లలకీ అండగా ఒక సంఘం పెట్టింది. ఒకరోజు పొద్దున్నే వచ్చి కొట్టు ముందు నిలబడింది.

"అన్నయ్యా, బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకి లోపల గడియల్లేవు. ఒకత్తె వెళ్తే ఇంకొకత్తె బయట తలుపు పట్టుకుని కాపలా కాస్తోంది. నీకు కూలి ఇవ్వలేం గానీ, నేనే టీ పెట్టి తెస్తా."

"నీ టీ తాగడం కన్నా ఊరికే చెయ్యడం నయం," అని మేస్త్రి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

మూడో తలుపు దగ్గర పని చేస్తుంటే ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి వచ్చి, తల పక్కకి వాల్చి చూస్తూ నిలబడింది.

"తాతా, గడియ లోపలికి పెడుతున్నావేం?"

"లోపలున్నవాళ్ళు వేసుకోవాలి కదమ్మా."

"మా ఇంట్లో అమ్మ గదికి బయట ఉంది. నాన్న ఆఫీసుకెళ్తూ వేసి వెళ్తాడు. మళ్ళీ ఆరింటికొచ్చి తీస్తాడు." ఇవాళ బడిలో ఏ పాఠం చెప్పారో చెప్పినంత మామూలుగా చెప్పింది.

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "నువ్వు తియ్యలేవూ?"

"చాలా పైన ఉంది, అందదు. స్టూళ్ళూ కుర్చీలూ కూడా నాన్న ఆ గదిలోనే పడేస్తాడు. నేను బడి నుంచి వచ్చి తలుపు ముందు కూర్చుంటా. అమ్మ లోపల్నించి లెక్కలు చెప్తుంది." పిల్ల ముందుకి వంగి స్క్రూల వంక చూసి మురిసిపోయింది. "అరె, మా గడియక్కూడా ఇలాగే! ఆరు గీతలూ నిలువుగానే ఉంటాయి. నేను రోజూ చూస్తాగా."

మేస్త్రి ఆ గడియని గుర్తుపట్టాడు. మూడేళ్ళ కిందటి మాట. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. సామాన్ల గది అన్నాడు ఆ తండ్రి. పాప లోపలికెళ్ళి ఏదైనా మీద వేసుకుంటుందేమోనని భయంగా ఉంది, దానికి అందకుండా పైన పెట్టండి అన్నాడు. ఆ గదిలో మంచం ఉంది. దండెం మీద ఆడవాళ్ళ బట్టలున్నాయి. మేస్త్రి చూశాడు, చూసి ఊరుకున్నాడు. పైగా ఎన్నడూ పనిలో విప్పని నోరు ఆ రోజు విప్పి, "ఇంత జాగ్రత్తగల తండ్రి దొరకడం మీ పాప అదృష్టం బాబూ" అన్నాడు.

మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చెల్లెలికి అంతా చెప్పి, సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "ఇప్పుడే పోయి పీకి పారేస్తా."

"పీకెయ్. రేపు పొద్దున్నకి ఇంకో వడ్రంగి వస్తాడు. ఈలోపు ఆ కోపం ఎవరి వీపు మీద తీరుతుందో తెలుసా?" అంది చెల్లెలు. "ముందు ఆవిడకేం కావాలో ఆవిడనే అడుగుదాం. అడగడం నీకు చేతకాదు గానీ, అది నాకొదిలెయ్."

మామూలుగా అయితే ఆ ఎత్తిపొడుపుకి ఇంటి పైకప్పు లేచిపోయేది. మేస్త్రి స్క్రూడ్రైవర్ని మళ్ళీ సంచీలో పెట్టేశాడు.

చెల్లెలు బడి ద్వారా పిల్లకి ఆరోగ్య పరీక్ష, తల్లి వెంట రావాలి అని కబురు పంపింది. భార్యని ఒంటరిగా గడప దాటనివ్వడు గనక భర్త కూడా వెంట వచ్చాడు. తల్లిని కూడా పరీక్షించాలి, మగవాళ్ళు బయట కూర్చోవాలి అని ఆయనకి కుర్చీ చూపించింది. లోపల దొరికింది పది నిమిషాలు. పోలీసుల మాట ఎత్తితే ఆ తల్లి తల అడ్డంగా ఊపింది. "ముందు బయటపడనివ్వండి. ఫిర్యాదు నేనే రాస్తా. నా చదువు కాగితాలూ పిల్ల కాగితాలూ ఆ గదిలోనే ఉన్నాయి, అవి వదిలి రాను. పక్క ఊళ్ళో మా అక్క ఉంది. నాకు ఆ తలుపొక్కటే అడ్డం అమ్మా. అది దాటితే బస్సు నేనెక్కగలను."

ఆ వారంలోనే మేస్త్రి ఊళ్ళో ఉన్న మిగతా ఇద్దరు వడ్రంగుల్నీ, ఇనప సామాన్ల కొట్టాయన్నీ కూర్చోబెట్టి, తాను చేసిన తప్పు దాచకుండా చెప్పాడు. మనుషులుండే గదికి బయట గడియ పెట్టమని ఎవరడిగినా, ఆ గదిలో ఉండేవాళ్ళతో మాట్లాడకుండా పెట్టకూడదని నలుగురూ ఒట్టేసుకున్నారు. "బేరాలు పోతాయేమో," అని గొణిగాడు కొట్టాయన. మేస్త్రి ఆయన వంక చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

ఇక ఆ తలుపు సంగతి. ఆదివారం మేస్త్రి ఆ ఇంటికి వెళ్ళి, జీవితంలో మొదటిసారి పని గురించి అబద్ధమాడాడు. "అప్పటి స్క్రూలు నాసిరకం బాబూ, తుప్పు పడుతున్నాయి. నా పేరు పోతుంది. డబ్బులొద్దు, మార్చి వెళ్తా." ఊరికే అంటే నాకొకటి, మా తాతకొకటి అనే రకం ఆ పెద్దమనిషి. లోపలికి రమ్మన్నాడు.

రమ్మన్నవాడు పక్కనే నిలబడ్డాడు కూడా. మేస్త్రి పాత స్క్రూలు తీసి, రంధ్రాలు శుభ్రం చేస్తున్నట్టు నటిస్తూ వెడల్పు చేశాడు. ఇంటి దగ్గరే సగానికి కోసి తెచ్చిన పొట్టి స్క్రూలు పెట్టాడు. బయట నుంచి చూస్తే గడియ కొండలా ఉంది. లోపల్నించి ఒక్క లాగు గట్టిగా లాగితే ఊడి వచ్చేస్తుంది. చివరికి ఆరు గీతల్నీ అడ్డంగా తిప్పాడు. అలా ఉంటే పని అయినట్టని చెల్లెలు ముందే బడిలో పిల్ల చెవిన వేసింది. పిల్ల ఆ మాటని తలుపు సందులోంచి అమ్మకి చేరవేసింది.

భర్త గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూశాడు.

"ఏం మేస్త్రీ, గీతలన్నీ అడ్డంగా పడ్డాయేం?"

"వయసు మీద పడింది బాబూ. చూపు ఆనడం లేదు," అన్నాడు నిలువు మేస్త్రి. నలభై ఏళ్ళ పేరు ఆ ఒక్క మాటతో మట్టిలో కలిపాడు, ఇంకా ఏమైనా కలపాలంటే అదీ కలిపేవాడే. ఆ పెద్దమనిషి నవ్వాడు. నేల మీద పుస్తకం పెట్టుకున్న పిల్ల తలెత్తి పెదాలతో ఆరు దాకా లెక్కపెట్టింది. వంటగది గుమ్మంలో దాని తల్లి నిలబడి ఉంది. మేస్త్రి ఈసారి అటు చూశాడు.

మంగళవారం నాలుగున్నరకి, బడి వదిలాక తల్లీ పిల్లా బయటపడాలని అనుకున్నారు. చెల్లెలూ, సంఘంలో ఇంకో ఇద్దరూ ఆటోతో వీధి మలుపులో ఉన్నారు. మేస్త్రిని కొట్టు కదలొద్దన్నారు. ఆయన ఒక కుర్చీ కాలు ముందేసుకుని చిత్రిక పట్టడం మొదలెట్టాడు. నాలుగూ నలభై అయ్యేసరికి అది కర్రబిళ్ళాటకి కూడా పనికిరానంత సన్నబడింది. స్క్రూలు మరీ పొట్టిగా కోశానా, లేక ఇంకా పొడుగున్నాయా? ఆవిడకి లాగే ఓపిక ఉందో లేదో?

ఆటో కొట్టు ముందు అర నిమిషం ఆగింది. పిల్ల తల బయటపెట్టి అరిచింది. "తాతా! ఒక్క లాగుకే!"

ఆటో వెళ్ళిపోయాక మేస్త్రి చెక్కపొట్టులో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎదురు కొట్టువాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు.

ఆవిడ ఫిర్యాదు తన చేత్తోనే రాసింది. కేసు నడుస్తోంది. నెల్లాళ్ళకి కబురొచ్చింది, అక్కగారి మేడ మీద గదిలో ఉంటున్నామని, తలుపుకి లోపల గడియ కావాలని. మేస్త్రి మొదటి బస్సుకే బయల్దేరాడు.

గదిలో రెండు పరుపులు, కిటికీ దగ్గర పిల్ల పుస్తకాలు. మేస్త్రి సంచీ దించాడు గానీ పనిముట్లు తియ్యలేదు.

"అమ్మా, ఆ గడియ బిగించింది నేనే. ఆ ఎత్తు కొలిచిందీ నేనే. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు."

"నాకు తెలుసు మేస్త్రి గారూ," అంది ఆవిడ. "ఆ రోజు కూడా నేను వంటగది గుమ్మంలోనే ఉన్నా. మీరు ఒక్కసారి ఇటు తిరుగుతారేమో, ‘ఎందుకమ్మా ఇది’ అంటారేమో అని చివరిదాకా చూశా."

ఆవిడ కొని ఉంచిన గడియ తీసి ఆయన చేతిలో పెట్టింది. "అప్పుడు అడగలేదుగా. ఇప్పుడు అడగండి."

మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు. "ఎంత ఎత్తులో పెట్టమంటారమ్మా?"

ఆవిడ కూతుర్ని పిలిచి, తలుపుకి వీపు ఆనించి నిలబెట్టి, దాని చిన్న చేతిని భుజం దాకా ఎత్తి పట్టుకుంది.

"ఇక్కడ," అంది.

మేస్త్రి చెవి వెనక పెన్సిల్ తీసి, ఆ వేళ్ళ పక్కనే గీత గీశాడు.