బాడుగ కారుకు పూజ

కారును చింతపండుతో తోమకూడదని నాకెవరూ చెప్పలేదు. ఇత్తడి బిందెలు తోమాను, రాగి చెంబులు తోమాను, దేవుడి గూట్లో జిడ్డు పట్టిన దీపాలు తోమాను. తెల్లవారగానే మా ఆయన కారు దగ్గర నిలబడి, "ఈ పసుపు పోవల్ల. ఏం జేస్తావో నాకు తెల్దు. మద్దేన్నానికి బండి హిందూపురంలో ఒప్పజెప్పల్ల" అన్నప్పుడు నా చేతులకు తెలిసిన విద్య అదొక్కటే. చింతపండు నానబెట్టి, పొయ్యిలో బూడిద కాస్త కలిపి, టెంకాయ పీచుతో మొదలుపెట్టాను. లోపల పెనుకొండ చుట్టాలు ఇంకా లేవలేదు. లేస్తే వాళ్లకు కాఫీ, ఉప్మా, దారిలోకి చిత్రాన్నం. ఒక చెవి పొయ్యి మీద పెట్టి, రెండు చేతులతో కారు తోముతున్నాను.

పసుపు సగం పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. మీగడ రంగులో నున్నగా ఉన్న కారు ముందుభాగం, తడి ఆరేకొద్దీ సున్నం కొట్టిన గోడలా తేలింది. ఎండ తగిలితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆ ఇంట్లో చాలా సంగతుల గురించి నేను అలాగే అనుకునేదాన్ని.

ఆ పసుపు పూసింది కూడా నేనే. పూయమన్నది మా అత్త సుబ్బలక్ష్మమ్మ. అరవై రెండో సంవత్సరం మాట ఇది. మా ఆడబిడ్డ చౌడేశ్వరికి పెళ్లిచూపులు. పెనుకొండ నుంచి వచ్చే మగపెళ్లివాళ్లను బస్సులో రమ్మనడం మా ఆయనకు నామోషీగా తోచింది. స్నేహితుడి లారీ మీద డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న మనిషి, ఆ లైసెన్సు ఎవరికైనా చూపించాలి కదా. హిందూపురంలో శంకరప్ప అనే ఆయన షెడ్డు నుంచి డ్రైవరు లేకుండా కారు బాడుగకు తెచ్చాడు. మైసూరు నంబరు బండి. రోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు చూసుకుంటారని, ఇంకేం జరిగినా తీసుకుపోయినవాళ్లదే పూచీ అని శంకరప్ప ముందే చెప్పాడట. "ఇంకేం జరుగుతాది లే" అని మా ఆయన నవ్వి వచ్చాడట. ఆ సంగతి ఆయనే గొప్పగా చెప్పాడు.

కారు వాకిట్లో ఆగగానే సందు సందంతా వచ్చింది. "కొత్త కారా సుబ్బలక్ష్మమ్మా?" అని ఎవరో అడిగారు. మా అత్త అవుననలేదు, కాదనలేదు. నా వైపు తిరిగి, "చూస్తా నిలబడుకున్యావేంది? పసుపు కలుపు పో" అంది.

నేను దగ్గరికి వెళ్లి మెల్లగా, "అత్తా, బాడుగ బండి గదా" అన్నాను.

"ఇంగా గట్టిగా అరుసు. ఇననోళ్లు ఎవురన్నా ఉంటే ఇంటారు."

అదీ సంగతి. సొంత బండికి పూజ చేస్తారు, బాడుగ బండికి చేయరు. పూజ చేయకపోతే బాడుగ బండి అని తెలిసిపోతుంది. కాబట్టి చేయాల్సిందే. నేను నూనెలో పసుపు కలిపి కారు ముఖమంతా పూశాను, కుంకుమ బొట్లు పెట్టాను. మా ఆయన టెంకాయ అందుకున్నాడు. కొట్టడానికి రాయి తెమ్మని ఎవరికీ తోచలేదు, అందరూ చూస్తున్నారు. కారు ముందున్న ఇనుప కమ్మీ మీదే కొట్టాడు. మొదటి దెబ్బకు టెంకాయ జారి లైటు అద్దానికి తగిలింది, అద్దం చిట్లింది. రెండో దెబ్బకు కమ్మీ సొట్టపోయింది. మూడో దెబ్బకు టెంకాయ పగిలింది. మా అత్త చిప్పల్లోకి తొంగిచూసి, "పువ్వు ఉండాది నాయనా, శుభం" అని కళ్లకద్దుకుంది. లైటు వైపు చూసింది నేనొక్కదాన్నే అనుకుంటాను. చూసి ఏమనలేదు. అంటే అపశకునం మాట్లాడానంటారు. ఆ పసుపు పూతతోనే కారు మర్నాడు పొద్దున్నే పెనుకొండ పోయి చుట్టాలను తెచ్చి, సాయంత్రం దాకా ధర్మవరం ఎండలో నిలబడి ఊరందరికీ కనపడింది.

ఇక్కడ మా ఇంటి కట్టడి ఒకటి చెప్పాలి. మా ఆయన నేతగాళ్లకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకుని, బయటి ఊళ్ల కొట్లకు వేస్తాడు. చీర వచ్చిందంటే వాకిట్లో తెల్ల దుప్పటి పరిచి, వెలుతురులో దాన్ని జానెడు జానెడు తిప్పి చూస్తాడు. పోగు తెగినా, మచ్చ పడినా "డ్యామేజీ" అని పక్కన పెడతాడు. నేసినవాడి కూలి కోసేస్తాడు. ఆ చీరను మాత్రం అమ్మడు. "మచ్చపడిన చీర మన గడప దాటకూడదు. దాటితే చీర పోయేది కాదు, మన పేరు పోతాది" అని మా మామ పెట్టిన నియమం. మరి ఆ చీరలు ఏమవుతాయంటే, ఇంట్లో ఆడవాళ్లు కట్టుకుంటారు. పట్టుచీరల ఇంటి కోడలినని నన్ను చూసి పుట్టింటి వైపు వాళ్లు కుళ్లుకునేవారు. నా పెట్టెలో ఉన్నవన్నీ డ్యామేజీలే. నా తలంబ్రాల చీరకు కూడా అంచులో పోగు జారి ఉంది. కుచ్చిళ్లలోకి పోతుందిలే అన్నారు, పోయింది.

అందుకే నాకు ఒక్క చీర కావాలనిపించింది. మచ్చలేనిది. ఎవరో వద్దనుకోగా నాకు మిగిలింది కాకుండా, మొదటి పోగు నుంచి నాదే అయినది. పడుగుకు పట్టు, కొంగుకు జరీ మా నాయన తెచ్చిచ్చాడు. పేకకు మాత్రం నేతగాళ్లు వాడి పారేసిన కండెల మీద మిగిలే కొస పట్టును, నేరేడుపండు రంగుది, ఏళ్ల తరబడి ఏరి దాచాను. మా మామ పోయాక ఎవరూ దిగని మగ్గం ఒకటి వెనక పంచలో ఉండేది. మధ్యాహ్నం అంట్లు తోమి, అత్త కునుకు తీసేవేళ ఆ మగ్గం గుంతలో దిగేదాన్ని. ముడి పైకి కనపడకుండా, చెమట చుక్క పడకుండా నేసుకున్నాను. "పారేసే పోగులకు ఇంత తాపత్రయమా" అని మా ఆయన నవ్వాడు. చీర దిగిన రోజు మాత్రం తెల్ల దుప్పటి పరిచి చూశాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, ఏమీ అనకుండా మడిచి ఇచ్చాడు. ఏమీ అనలేదంటే డ్యామేజీ లేదని. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమైందో ఎవరికీ చెప్పుకోలేదు.

పెళ్లిచూపులకు ఆ చీర కట్టుకోమన్నది ఆయనే. ఇంటి మర్యాద కనపడాలి కదా. వంటింట్లోకీ పంచలోకీ తిరుగుతూ కొంగు మసికి తగలకుండా చూసుకోవడానికే నా పొద్దంతా సరిపోయింది. పెళ్లికొడుకు తల్లి నా కొంగు రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, "మంచి చీర" అంది. ఆ రోజు నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే. మిగిలినవన్నీ పనులు.

మర్నాడు వాళ్లను పెనుకొండలో దింపిరావాలి. ముత్తయిదువకు పసుపు కుంకుమలిచ్చి సాగనంపడానికి ఇంటి ఆడమనిషి వెంట ఉండాలన్నారు. అత్తకు మోకాళ్ల నొప్పులు కాబట్టి నన్ను పొమ్మన్నారు. కారు తోమిన చేతులు కడుక్కుని, వంట ముగించి, మళ్లీ ఆ చీరే కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. చెన్నేకొత్తపల్లి దాటేదాకా మా ఆయన వాళ్లతో కారు గురించే మాట్లాడాడు. బాడుగ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. వాళ్లను పెనుకొండలో దింపి, మేమిద్దరమే హిందూపురం చేరుకున్నాం. అక్కడ కారు అప్పజెప్పి రైల్లో ఇంటికి రావాలని అనుకున్నాం.

శంకరప్ప కారు చుట్టూ తిరిగాడు. ముందుభాగం మీద వేలు రాసి ఆ వేలును వెలుతురులో చూసుకున్నాడు. మా ఆయన చీరను చూసే చూపే అది. మా ఆయన ముఖంలో మాత్రం కూలి కోత పడబోయే నేతగాళ్ల ముఖం చూశాను. పదేళ్ల కాపురంలో ఆ ముఖం ఆయనకు రావడం చూసింది అప్పుడే.

"ఏమప్పా లక్ష్మీనారాయణా, ఏంది ఇది?"

"పూజ చేసినాము శంకరప్పా. బండికి మంచిదే గదా."

"పూజ మంచిదే సామీ. రోడ్డు మింద ఇంగో బండి గుద్దింటే ఇన్సూరెన్సోళ్లను అడుగుతాను. టెంకాయ గుద్దిందంటే వాళ్లు నగరా? లైటు, కమ్మీ నీ లెక్క. ఈ రంగు యాల ఇట్లయింది? దీన్ని తోమింది ఎవురు?"

మా ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి చూపించాడు. "ఇంట్లో ఆడోళ్లు. వాళ్లకేం తెలుసు, బిందె అనుకున్యారు."

శంకరప్ప నవ్వాడు. షెడ్డు వెనక ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య తిమ్మక్క కూడా నవ్వింది. మా ఆయనా నవ్వాడు. నా గోళ్ల సందుల్లో ఇంకా బూడిద ఉంది.

జేబులో ఉన్నది చాలలేదు. రెండు రోజుల మర్యాదకు అంతా అయిపోయింది. మిగతాది తర్వాత పంపుతానంటే శంకరప్ప ఒప్పుకోలేదు. "దుడ్లు ఈడ పెట్టి కదులు సామీ. లేదంటే మీ ఊరికి వచ్చి మీ వాకిట్లో అడగల్ల, బాగుంటాదా?" అన్నాడు. వాకిలి అనగానే మా ఆయన అటూ ఇటూ చూశాడు. చూపు తిమ్మక్క మీదికి పోయింది. తిమ్మక్క చూపు నా చీర మీద ఉంది.

"అక్కయ్యకు ధర్మవరం చీర ఇస్తా. సరిపోతాది గదా శంకరప్పా? మా చీరంటే కండ్లు మూసుకోని తీసుకోవచ్చు. పోగు తప్పుండదు, మచ్చుండదు. మా పేరు మింద చెప్తాండా."

ఏ చీర అని నేను ఇంకా అనుకుంటూనే ఉన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "సంచిలో నూలు చీర ఉండాది గదా. లోపలికి పోయి మార్చుకో. దీనికి మనకైన ఖర్చేముంది, పారేసే పోగులే గదా."

తిమ్మక్క నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసి బయటికి పోయింది. అది బండి సామాన్ల గది. పాత టైర్లు, గొలుసులు, గోడవారగా మూతలేని గ్రీసు డబ్బా. నాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. తోమమంటే తోమాను, పూయమంటే పూశాను, కట్టుకోమంటే కట్టుకున్నాను, ఇప్పుడు విప్పమంటున్నారు. టెంకాయ కొట్టింది ఆయన, పూజ కావాలన్నది అత్త, డ్యామేజీ మాత్రం నా ఒంటి మీది నుంచి తీసి కట్టాలి. నేతగాడి కూలి కోసేటప్పుడైనా మచ్చ ఇదిగో అని వాడికి చూపిస్తారు. నా మచ్చ ఏది? కుచ్చిళ్లు విప్పడానికి చెయ్యి పెట్టాను. ఈ చీర ఈ గదిలో విడిస్తే ఇంటికి పోయి మళ్లీ డ్యామేజీ చీరలే కట్టుకోవాలి. వాటినైతే ఎవరూ అడగరు, ఎవరికీ ఇవ్వరు. మచ్చపడినవి కాబట్టే అవి నావి. మచ్చలేనిది కాబట్టే ఇది పోతోంది.

చెయ్యి ఆగింది. నేసేటప్పుడు చెమట చుక్క కూడా పడనివ్వని చెయ్యి. గ్రీసు డబ్బాలో బొటనవేలు ముంచి, కొంగు మధ్యలో, జరీ మెరిసే చోట, గట్టిగా అదిమి పెట్టాను. గ్రీసు పడుగుదాకా ఇంకిందాకా వేలు తీయలేదు.

ఆ చీరతోనే బయటికి వచ్చాను.

"మచ్చ పడింది" అన్నాను.

మా ఆయన కొంగు లాక్కుని వెలుతురులోకి తిప్పాడు. జానెడు దూరం నుంచి చూశాడు, దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అలవాటైన చూపు కదా, నోరు దానంతట అదే "డ్యామేజీ" అంది. తిమ్మక్క ముఖం తిప్పుకుంది. "మచ్చ చీర నాకేల? మీ పేరు మింద ఇచ్చేది ఇదేనా అన్నా?" అంది. ఆయన ముఖం మాడిపోయింది. చేతి గడియారం విప్పి శంకరప్ప చేతిలో పెట్టాడు. అది పెళ్లిలో మా నాయన పెట్టినదే. నాకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాను.

రైల్లో పెనుకొండ కొండ కనపడేదాకా ఆయన గడియారం లేని మణికట్టు రుద్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నా కొంగు అందుకుని ఆ నల్లటి వేలిముద్రను చూశాడు. పడిన మచ్చకూ పెట్టిన మచ్చకూ తేడా ఆయనకు తెలియకపోదు. ఎట్ల పడింది అని అడగలేదు.

"కిరసనాయిలు పెట్టి తుడిస్తే పోతాదిలే. పోయినంక ఏదన్నా కొట్టుకు వేస్తే, ఆ గడియారం దుడ్లన్నా వస్తాయి" అన్నాడు.

కొంగు ఆయన చేతిలోంచి తీసుకుని, మచ్చ పైకి కనపడేలా ఒళ్లో పరుచుకున్నాను.

"తుడిచేది నేనే గదా" అన్నాను. "తుడవను."