రెండొందల యాభై ఐదో అక్షరం

ఫ్యాక్టరీలో ప్రమాదం మీద విచారణాధికారి రావడానికి పావుగంటే ఉంది. నలభై రెండు మంది కార్మికుల వాంగ్మూలాలను డేటాబేస్‌లోంచి ఎక్సెల్ షీటులోకి దించిన ఆఫీసు టైపిస్టు, అందరూ పిలిచే కంప్యూటరమ్మ, మొదటి గడి చదివి ఉలిక్కిపడింది. అది ఆమె అక్కది.

"అయ్యా, నమస్కారం. నేను పదకొండేళ్లుగా ప్రెస్సు మిషను మీద పనిచేస్తున్నాను. కంపెనీ చలవ వల్లే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. మేనేజరుగారు చల్లగా ఉండాలి. ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలి. తెలిసో తెలియకో తప్పు మాట్లాడితే మన్నించాలి. నేను చెప్పొచ్చేదేమిటంటే, మిషను గార"

అక్కడితో తెగిపోయింది.

కిందివన్నీ అంతే. ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్కేసి గడికి రెండొందల యాభై ఐదు అక్షరాలే పట్టాయి. ఈ జనం దండం పెట్టనిదే నోరు విప్పరు. గోడు చివర్లో చెబుతారు. దండాలన్నీ షీటులోకొచ్చాయి. గోడు గాలికి పోయింది.

అక్క కట్టుకట్టిన చేత్తో కూర్చుని చెబుతుంటే టైపు చేసింది తనే. ఆ తర్వాతి ముక్కలు ఆమెకు కంఠతా వచ్చు.

మేనేజరు భుజం మీంచి తొంగిచూశాడు. "భలే! అన్నీ దండాలే. ఒక్క ఫిర్యాదు లేదు."

"సగానికి తెగాయి సార్. ఇంకో పద్ధతిలో దించితే మొత్తం వస్తాయి. పది నిమిషాలు చాలు."

"ఎవరు దించమన్నారమ్మా? మిషను కోసేస్తే తప్పు మనదా?"

"అక్క వేళ్లు తెగినప్పుడూ ఇదే మాటన్నారు."

ఆయన మొహంలో నవ్వు చచ్చింది. "మీ అక్క ఎలాగూ ఇంట్లోనే ఉంది. నువ్వూ వెళ్తే తోడుంటావ్." షీటును ప్రింటు తీయించి, పెన్ను ఆమె ముందు విసిరాడు. "'మొత్తం సరిచూశాను' అని రాసి సంతకం పెట్టు."

ఆమె పెన్ను ముట్టుకోలేదు.

తలుపు తెరుచుకుంది. విచారణాధికారి కూర్చుని కాగితం అందుకున్నాడు. "మిషను గార... ఏమిటిది?"

"చదువురానివాళ్లు కద్సార్, ఏదో వాగుంటారు," అన్నాడు మేనేజరు.

కంప్యూటరమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. చేతులు జోడించలేదు. నమస్కారమూ అనలేదు.

"గార్డు. చేతికి అడ్డుండే రేకు. అది ఊడిందని వరసగా మూడు రోజులు చెప్పాం. పని ఆపితే ఊరుకోనన్నాడు ఈయన. నాలుగో రోజు మా అక్క వేళ్లు పోయాయి. ఇది మొదటిది. ఇంకా నలభై ఒకటున్నాయి. రాసుకోండి."