అరవై నాలుగో నంబరు

కొత్త కంపెనీలో మొదటి విమానం ఎక్కిన రోజు అతను చేసిన పని పదిమందికీ తెలిస్తే నవ్వులపాలయ్యేవాడే. సరుకు విమానంలోకి అందరికంటే ముందు వచ్చాడు. బ్యాగు పక్కన పెట్టి, సీటు సర్దుకుని, బెల్టు బిగించుకుని, ముందున్న మీటలన్నీ వరసగా చూసుకుంటూ పోయాడు. చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి. సగం అయ్యాక, కోపైలట్ ఇంకా రాలేదేమిటని కుడివైపు ఖాళీ సీటు కేసి చూసి విసుక్కున్నాడు కూడా. మరుక్షణం తల కొట్టేసినట్టయింది. ఈ కంపెనీలో కోపైలట్ తనే. ఎడమవైపు సీటు కెప్టెన్‌ది.

గబగబా బెల్టు విప్పుతూ వెనక్కి చూస్తే, కెప్టెన్ తలుపు బయట అటు తిరిగి నిలబడి ఉంది. ఫోను చెవికి ఆనించుకుని, అవతలివాళ్లు ఎవరోగానీ, “ఊఁ... ఊఁ...” తప్ప ఇంకో ముక్క అనడం లేదు. అతను కుడివైపుకి మారి, బెల్టు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాక గానీ ఆ ఫోను పూర్తికాలేదు.

“సారీ సార్, ఫోనొచ్చింది,” అంటూ లోపలికొచ్చి తన సీట్లో కూర్చుంది. అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఫోను రాలేదని అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆమెకీ తెలుసు. ఇలాంటి మర్యాద ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

ఆమె ఒకప్పుడు పాత కంపెనీలో అతని దగ్గర పని నేర్చుకుని, ముందే ఇక్కడికి వచ్చేసిన అమ్మాయే. వయసులో అతని కంటే బాగా చిన్నది. అయినా ఆమె కెప్టెన్, అతను కోపైలట్. ఎందుకంటే విమానాల కంపెనీల్లో తెలివీ అనుభవమూ ఒక ఎత్తు, చేరిన తేదీ ఒక ఎత్తు. చేరిన వరసలో నంబరు ఇస్తారు. ఏ విమానం నడపాలో, పండక్కి సెలవు దొరుకుతుందో లేదో, కెప్టెన్ ఎప్పుడవుతావో, అన్నీ ఆ నంబరే చెబుతుంది. ఉద్యోగాలు ఊడే రోజొస్తే అడుగు నుంచి ఊడతాయి. కంపెనీ మారావా, ఎంతటి మొనగాడివైనా సరే, పోయి క్యూ చివర నిలబడాల్సిందే.

పాత కంపెనీలో అతనిది పదకొండో నంబరు. ఎవరైనా పెద్దాయన రిటైరైతే దండ వేసి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంటికొచ్చి “ఒకటి తగ్గింది” అని భార్యకి చెప్పేవాడు. ఆ నంబరంటే అంత మోజు. జీతం సంగతి మాత్రం అక్కడ దేవుడెరుగు. రెండేళ్లుగా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. భార్య ఫిజియోథెరపిస్టు. పగలంతా ఆసుపత్రి, సాయంత్రాలు ఇళ్లకు తిరిగి ముసలివాళ్ల మోకాళ్లకి వ్యాయామాలు, ఆదివారాలు కూడా. ఆమె ఒకే ఒక్కసారి అంది: “మీ నంబరు చూపిస్తే స్కూల్లో ఫీజు తీసుకోరు కదండీ.” తర్వాత ఎప్పుడూ అనలేదు. ఆ అనకపోవడాన్ని భరించలేకే అతను ఈ సరుకు కంపెనీలో చేరాడు. ఇక్కడ అరవై నలుగురు పైలట్లు. అతను అరవై నాలుగో వాడు.

విమానం పైకెళ్లి నిలకడగా సాగుతున్నాక ఆమె అంది: “సార్, ఒక మాట. మీకు కష్టంగా ఉంటే డ్యూటీలు వేసే రోస్టర్ వాళ్లకి చెప్పి ఇంకో కెప్టెన్‌తో వేయించుకోండి. నేనేమీ అనుకోను.”

“నీకు... మీకు ఇబ్బందిగా ఉందా?”

“భయంగా ఉంది. అప్పుడూ నా చేతులే చూసేవారు, ఇప్పుడూ చూస్తున్నారు.”

“అలవాటమ్మా,” అని నాలిక్కరుచుకుని, “అలవాటు, కెప్టెన్,” అన్నాడు.

“నువ్వనే అనండి సార్.”

“దిగాక అంటాను. ఇక్కడ కాదు.”

ఆమె నవ్వింది. విమానాన్ని చక్కగా, కుదుపు తెలియకుండా దించింది. మనసులోనే శభాష్ అనుకున్నాడు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి, తిరుగు ప్రయాణమంతా చూపు ఎడమవైపు సీటు కేసే పోతూ ఉంది. నిన్నటిదాకా అందరూ తన మాట కోసం చూసేవారు. ఇవాళ తను ఇంకొకరి మాట కోసం చూడాలి. మంచివాళ్లు మంచిగా చూసినా మంట మంటే.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు ఆదివారం. తాళంతో తలుపు తీసుకుని లోపలికొస్తే, హాల్లో సోఫా మీద భార్య పడి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరిచి ఉంది. చదువుతున్న పేపరు గుండెల మీద. అతను అక్కడే ఆగిపోయాడు. ఈ కొత్త కంపెనీలో ట్రైనింగు నెలల్లోనూ జీతం ఒకటో తారీఖుకే పడటంతో ఆమె ఆదివారం కేసులు మానేసిందని తెలుసు. తెలియడం వేరు, చూడటం వేరు. ఆమె పగటిపూట నిద్రపోగా చూసి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోయి, సిగ్గేసి మానుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. మొదటి రింగుకే నొక్కేసి బాల్కనీలోకి పరిగెత్తాడు. పాత కంపెనీ రోస్టర్ ఆఫీసరు, స్నేహితుడు.

“శుభవార్తండీ. కంపెనీకి కొత్త యజమాని వచ్చాడు. ఈ మధ్య వెళ్లిపోయినవాళ్లు తిరిగొస్తే పాత నంబరే ఇస్తారు. మీ పైన ఇద్దరు రిటైరయ్యారు కూడా. అంటే తొమ్మిది. ఎడమ సీటు మీదే. సాయంత్రంలోగా చెప్పాలి, తర్వాత మూసేస్తారు.”

అతని గుండె ఒక్క గంతేసింది. తొమ్మిది!

“జీతాల సంగతి?” అన్నాడు గుసగుసగా.

“అదీ మెల్లగా సర్దుకుంటుంది లెండి. ఏంటి గొణుగుతున్నారు, ఎక్కడున్నారు?”

“ఇంట్లోనే. మా ఆవిడ పడుకుంది.”

“లేపి చెప్పండి మరి. ఇంత మంచి కబురు.”

అద్దం తలుపులోంచి చూశాడు. ఆమె పక్కకి ఒత్తిగిలింది. పేపరు జారి కింద పడింది. మెలకువ రాలేదు.

“వద్దులెండి,” అన్నాడు. “నా నంబరు కిందివాళ్లకి వెళ్లనివ్వండి.”

“తొందరపడుతున్నారేమో.”

“లేదండీ. గుర్తుపెట్టుకుని ఫోను చేశారు చూడండి, అది మర్చిపోను.”

ఫోను పెట్టేశాక చాలాసేపు బాల్కనీలోనే ఉండిపోయాడు. బాధ లేదని కాదు. కానీ బాధకంటే ఎక్కువగా దండం పెట్టాలనిపించింది. పొద్దున్న రాని ఫోనులో ఊఁ కొట్టిన ఆ అమ్మాయికి, రెండేళ్లు ఇల్లు మోసి ఒక్కమాటతో సరిపెట్టిన ఈ మనిషికి, తోకలో నిలబెట్టినా జీతం తేదీ తప్పని ఆ కంపెనీకి.

లోపలికొచ్చేసరికి ఆమె కళ్లు తెరిచింది.

“ఎప్పుడొచ్చారు? ఎవరో ఫోను చేసినట్టున్నారు.”

“పాత ఆఫీసు. తొమ్మిదో నంబరిస్తాం, వచ్చెయ్యమన్నారు.”

ఆమె లేచి కూర్చుంది. చేతులు వాటంతట అవే జుట్టు ముడి వేసుకుంటున్నాయి. “ఎప్పుడు చేరాలట? నా ఆదివారం కేసులు వేరేవాళ్లకి వెళ్లిపోతున్నాయి, మళ్లీ నాకే కావాలని ఇవాళే చెప్పాలి.”

అతను వంగి కింద పడిన పేపరు తీశాడు. “వద్దన్నాను,” అన్నాడు.

“నన్నడక్కుండానే?”

“అడగాలంటే నిన్ను లేపాలి.”

ఆమె అతని మొహంలోకి చూసింది. జుట్టు ముడి మళ్లీ విప్పేసింది.

“అయితే ఇంకాసేపు పడుకుంటాను,” అంది.