ముళ్ళకంచెకు చిక్కిన నీడ

రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పటకారు జేబులో వేసుకుని, తన బీడు చుట్టూ కంచె చూసుకు రావడం ఎవరీస్తో కనాలెస్‌కి నలభై ఏళ్ళ అలవాటు. ఆ కంచె వాళ్ళ నాన్న వేసింది. ఇనుప గుంజలు పాతమని ఊరంతా చెప్పినా ఆయన వినక కర్ర గుంజలే పాతాడట, ఇనుముకి ఓపిక ఉండదని. ఆ సంగతి అలా ఉంచి, ఆ మంగళవారం దక్షిణం వైపు నాలుగు వరసల తీగా తెగి ఉంది. రెండు ఆవులు రోడ్డెక్కి లారీ కింద పడ్డాయి. తెగినచోట ఒక నీడ వేలాడుతోంది.

సరిహద్దు నది దాటి దొంగచాటుగా వచ్చేవాళ్ళ నీడలు ముళ్ళకి చిక్కుకోవడం దక్షిణ టెక్సాస్‌లో ఆ చుట్టుపక్కల మామూలే. విడిపిస్తే ఆ నీడ తన మనిషి దగ్గరికి పాక్కుంటూ పోతుంది. సరిహద్దు దాటేవాళ్ళ వల్లే నష్టమని రుజువైతేనే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది కనక, నీడ కనబడగానే రైతులు చేసే మొదటి పని షెరీఫ్ ఆఫీసు పోలీసులకి ఫోన్ చేయడం. ఎవరీస్తో కూడా అదే చేశాడు. ఆ తర్వాతే నీళ్ళ పంపు చూద్దామని షెడ్డులోకి వెళ్ళాడు.

లోపల గోనెసంచుల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నిండు చూలాలు. కాళ్ళ దగ్గర నీడ లేదు.

ఫోన్ చేసేశానే అని ఎవరీస్తోకి భయమేసింది. ఇంటికి పరిగెత్తి చెబితే భార్య ఎర్మీనియా పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది.

"ముందు షెడ్డు చూసి తర్వాత ఫోన్ చెయ్యొచ్చుగదయ్యా," అంది.

ఆ మాట పూర్తయ్యేసరికి డిప్యూటీ రోలాండో జీపు గేటు దాటింది. మంచి పిల్లాడే, కానీ పని దగ్గర మొహమాటం లేని మనిషి. పరిహారం కాగితాల మీద సంతకం పెట్టమన్నాడు. కంచె దగ్గరికెళ్ళి ఒక్కొక్క ముల్లే తప్పించి నీడని విప్పాడు. అది గడ్డి మీద పడి, ఒక చెయ్యి పొట్టకి ఆనించుకుని, షెడ్డు వైపు పాకడం మొదలుపెట్టింది. రోలాండో దాని వెనకాలే బయల్దేరాడు.

ఎవరీస్తో వెళ్ళి నీడకి అడ్డంగా నిలబడ్డాడు.

"అది నాదేరా. కంచె నేనే తెంపాను."

నీడ ఆగింది. కాసేపు తటపటాయించి, అతని బూట్లకి అంటుకుని సర్దుకుంది. చోటు పోయిన అతని సొంత నీడ గడ్డిలోంచి మెల్లగా జారి, షెడ్డు తలుపు కిందనుంచి లోపలికి వెళ్ళింది.

రోలాండో నేలమీద నీడ పొట్టకేసి చూశాడు.

"ఈ మధ్య పొట్ట బాగా పెంచావు, పెద్దాయనా."

"ఎర్మీనియా చేతి వంట," అన్నాడు ఎవరీస్తో.

కంచె యజమానే తెంపాడు, పరిహారం వర్తించదు అని రాసుకుని రోలాండో వెళ్ళిపోయాడు.

ఎర్మీనియా గుడ్డలో రొట్టెలూ చిక్కుళ్ళూ మూటకట్టి ఇచ్చింది. అమ్మాయి పొదల మధ్యనుంచి ఉత్తరంగా నడిచింది. అరమైలు పోయిందో లేదో, సరిహద్దు కాపలా హెలికాప్టర్ వచ్చింది. ఆమె నెత్తిమీదే రెండు చుట్లు తిరిగింది. ఎవరీస్తో కంచె గుంజ పట్టుకుని అటే చూశాడు. అంత ఎత్తునుంచి చూసేవాడికి మనిషి చుక్కంత, నీడే కనబడుతుంది. కింద ఎండలో, టోపీ పెట్టుకున్న దొడ్డికాళ్ళ ముసలి రైతు నీడ ఒకటి, తప్పిపోయిన ఆవుల్ని వెతుక్కుంటున్నట్టు తీరిగ్గా నడిచిపోతోంది.

హెలికాప్టర్ నది వైపు మళ్ళింది.